మడత నుంచి వెనక్కి లెక్క: ప్రత్యేక ముద్రణ పనులు బైండింగ్‌లో ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ చెడతాయి

ప్రెస్ నుంచి దిగిన షీటు ఎంత బాగా అచ్చయినా అది ఇంకా బల్లపరుపు కాగితమే. దాన్ని జేబున్న ఫోల్డరుగా, కిటికీ కోసిన ఆహ్వాన పత్రికగా, దుస్తులకు తగిలించే ట్యాగుగా, ట్యాబులున్న కేటలాగుగా మార్చేది బైండింగ్ యూనిట్. మామూలు పుస్తకాలకూ కరపత్రాలకూ అక్కడ అలవాటైన దారి ఉంటుంది. సైజు, మడత, పిన్ను ముందే కుదిరి ఉంటాయి. ప్రత్యేక పనికి ఆ వెసులుబాటు లేదు. డై (కాగితాన్ని కోసే, నొక్కే అచ్చు పలక) కొత్తగా చేయించాలి, మెషిన్ కొత్తగా సెట్ చేయాలి. ఒక్కో షీటు నాలుగైదు మెషిన్ల మీదుగా వెళ్తుంది. ఏ మెట్టులో తప్పు జరిగినా దానికి ముందు మెట్లలో పెట్టిన డబ్బంతా పోతుంది.

ఇలాంటి పనులు చెడినప్పుడు నింద సాధారణంగా చివరి మెషిన్ నడిపిన మనిషి మీద పడుతుంది. కానీ మడత దగ్గర పగిలిన రంగుకూ, ఊడిపోయిన జేబుకూ, పక్కకు జరిగిన, వేడితో అద్దే బంగారు ఫాయిల్‌కూ కారణం చాలాసార్లు కాగితం ఎంపికలోనో, షీటు మీద పనిని పరిచిన తీరులోనో ఉంటుంది. బైండింగ్ వాళ్లను డిజైన్ పూర్తయ్యాక పిలవడం ఆనవాయితీ. పిలవాల్సింది కాగితం కొనకముందు. వస్తువు చివరికి ఎలా మడుస్తారు, ఎక్కడ అతికిస్తారు, ఎలా ప్యాక్ చేస్తారు అన్నది తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేస్తూ ప్రెస్ దాకా రావాలి.

తెల్ల డమ్మీ

మొదటి పని తెల్ల డమ్మీ. అచ్చు లేని కాగితంతో, చేత్తో కోసి, మడిచి, అతికించిన నమూనా. దాన్ని అసలు పనికి వాడబోయే కాగితంతోనే, అదే జీఎస్‌ఎంతో (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), అదే గ్రైన్ దిశలో (కాగితపు పోగులు పరుచుకున్న దిశ) చేయాలి. చేతికి దొరికిన వేరే అట్టతో చేసిన డమ్మీ ఆకారం చూపిస్తుంది గానీ, అసలు తెలుసుకోవలసిన సంగతి చెప్పదు: మడత ఎంత గట్టిగా ఉంటుంది, మూసినా దానంతట అదే తెరుచుకుంటుందా, లోపల పెట్టే కాగితాలు పడతాయా, కవర్లో దూరుతుందా.

కొలతల్లో తప్పులు ఎక్కువగా బయటపడేదీ ఇక్కడే. మూడు మడతల కరపత్రాన్నే తీసుకుంటే, 297 మి.మీ. పొడవును మూడు సమానమైన 99లుగా విభజించడం చూస్తుంటాం. లోపలికి దూరే పలక మిగతా వాటికంటే 2, 3 మి.మీ. తక్కువ ఉండాలి. అంటే 100, 100, 97. సమానంగా ఉంటే లోపలి పలక అంచు మడతకు తగిలి వంగుతుంది, కరపత్రం ఉబ్బి కనిపిస్తుంది. ఇంగ్లిష్ జెడ్ అక్షరంలా మడిచే పనికి మాత్రం మూడూ సమానంగా ఉండొచ్చు, ఎందుకంటే అక్కడ ఏ పలకా ఇంకోదాని లోపలికి దూరదు. రెండు తలుపుల్లా మధ్యకు మూసుకునే మడతలో ఆ రెండు అంచుల మధ్య 2 మి.మీ. ఖాళీ వదలాలి. ఇంకా ముఖ్యమైన సంగతి: కొలత మారితే దాంతోపాటు డిజైన్‌లో బొమ్మల, రంగుల సరిహద్దులు కూడా జరగాలి. పలకలు 100, 100, 97 అయి రంగు సరిహద్దులు మాత్రం 99 దగ్గర ఉండిపోతే, మడత పక్కన సన్నని గీతలా పక్క పలక రంగు తొంగిచూస్తుంది.

గ్రైన్ లెక్క

కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జులోని పోగుల్లో ఎక్కువ భాగం మెషిన్ నడిచే దిశలో పరుచుకుంటాయి. ఆ దిశే గ్రైన్. గ్రైన్ వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే పోగులు తెగి, పై పూత చీలి, ముదురు రంగు మధ్యలో తెల్లటి గీత బయటపడుతుంది. పరీక్ష కష్టమేమీ కాదు. ఒక చదరపు ముక్క కోసి రెండు దిశల్లోనూ మెల్లగా వంచితే, తక్కువ బలానికే వంగే వైపు వంపు గీత గ్రైన్‌కు సమాంతరం. చింపి చూసినా తెలుస్తుంది: గ్రైన్ వెంట చీలిక తిన్నగా సాగుతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. ఒక వైపు తడిపితే కాగితం చుట్టుకునే గొట్టం అక్షం కూడా గ్రైన్ దిశలోనే ఉంటుంది.

పుస్తకంలో గ్రైన్ ఎప్పుడూ వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పుటలు బిర్రుగా నిలబడి పుస్తకం సరిగ్గా తెరుచుకోదు, జిగురు తేమకు వెన్ను దగ్గర అలలు లేస్తాయి. గట్టి అట్ట పుస్తకాల్లో అట్ట, పైన అంటించే కాగితం లేదా గుడ్డ, లోపల అంటించే ఎండ్ పేపర్ మూడింటి గ్రైన్ వెన్ను దిశలోనే ఉండాలి. వాటిలో ఒక్కటి తిరిగినా, జిగురు ఆరుతున్నకొద్దీ అట్ట విల్లులా వంగుతుంది. ఎంత బరువు పెట్టి నొక్కినా ఆ వంపు మళ్లీ వస్తుంది.

ఫోల్డరులో సంగతి ఇంత సులువు కాదు. వెన్ను మడత నిలువుగా ఉంటుంది, జేబు మడత అడ్డంగా. గ్రైన్ ఒక్కదానికే అనుకూలిస్తుంది. అలాంటప్పుడు వెన్నుకే ఇవ్వాలి. జేబు మడత ఒక్కసారి మడిచి అతికిస్తే మళ్లీ కదలదు. వెన్ను మాత్రం వాడినన్నాళ్లూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. చిక్కేమిటంటే, షీటును తిప్పి పరిస్తే ఇంకో పీసు పడుతుందనో, కాగితం మిగులుతుందనో ప్రెస్ దగ్గర ఈ నిర్ణయాన్ని మార్చేస్తుంటారు. ఆ మిగులు వెన్ను పగిలిన ఫోల్డర్లు తిరిగి వచ్చేదాకానే. షీటును తిప్పక తప్పకపోతే కాగితాన్నే అవతలి గ్రైన్‌లో తెప్పించుకోవాలి. అదీ కుదరదంటే ఆ మడత మీద నిండు ముదురు రంగు రాకుండా డిజైన్ మార్చాలి.

క్రీజు: మి.మీ.లో పదో వంతు తేడా

సుమారు 170 జీఎస్‌ఎం దాటిన కాగితాన్ని క్రీజు (మడత పడాల్సిన చోట ముందే నొక్కే గుర్తు) లేకుండా మడవకూడదు. డిజిటల్ ప్రింటుకు ఇంకా తక్కువ బరువులోనే క్రీజు అవసరమవుతుంది, ఎందుకంటే అందులో వాడే పొడి సిరా, టోనర్, కాగితంలోకి ఇంకదు. పైన పొరలా ఉండి మడత దగ్గర పెంకులుగా లేస్తుంది.

క్రీజు అంటే కాగితం మీద గాడి గీయడమని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరే. గుండ్రటి అంచున్న ఉక్కు పట్టీ కాగితాన్ని కింద ఉన్న కాలువలోకి తోస్తుంది. ఆ ఒత్తిడికి అట్ట లోపలి పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడి, వెనక వైపు సన్నని కట్టలా ఉబ్బుతాయి. మడిచినప్పుడు ఆ ఉబ్బు మడత లోపలికి రావాలి. అప్పుడు విడిపోయిన పొరలు లోపల ముడుచుకుంటాయి, పై పొర మీద లాగుడు తగ్గుతుంది. చేత్తో మడిచేవాళ్లు పట్టీ దిగిన గాడి లోపలికి పోయేలా ఎదురు దిశలో మడవడం తరచూ జరిగే పొరపాటు. చూడటానికి గాడిలోకి మడవడమే సహజం అనిపిస్తుంది. అలా మడిస్తే పై పొర మీద లాగుడు రెట్టింపవుతుంది, అట్ట పగులుతుంది.

కాలువ వెడల్పుకు చేతిలెక్క ఉంది: కాగితం మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి పట్టీ మందం కలపాలి. సాధారణంగా వాడే రెండు పాయింట్ల పట్టీ మందం 0.71 మి.మీ. అట్ట 0.4 మి.మీ. ఉంటే కాలువ 0.6 కూడిక 0.71, అంటే సుమారు 1.3 మి.మీ. గ్రైన్‌కు అడ్డంగా వచ్చే మడతకు ఇంకొంచెం వెడల్పు కావాలి. లోతు దాదాపు కాగితం మందమంత. డైలో కోసే కత్తి ఎత్తు 23.8 మి.మీ. అయితే క్రీజు పట్టీ ఎత్తు అందులోంచి అట్ట మందం తీసేసినంత, అంటే ఇక్కడ 23.4.

కాలువ ఇరుకైతే పట్టీ అట్టను కోసినంత పని చేస్తుంది. మడవకముందే పై పూత చిట్లుతుంది. వెడల్పైతే మడత ఎక్కడ పడాలో కాగితానికి తెలియదు. ఒక పీసులో ఇటు, ఇంకో పీసులో అటు జరుగుతుంది, మూసిన ఫోల్డరు అంచులు కలవవు. అందుకే కొలవాల్సింది జీఎస్‌ఎం కాదు, మైక్రోమీటరు మీద మందం. ఒకే 300 జీఎస్‌ఎంలో పూత ఉన్న ఆర్ట్ కార్డు పలచగానూ, పూత లేని అట్ట బాగా మందంగానూ ఉంటాయి. లామినేషన్ (షీటు మీద పలచటి ప్లాస్టిక్ ఫిల్ము అంటించడం) చేసే పనైతే ఫిల్ము వేశాక కొలవాలి.

ఫోల్డరుకు 5 మి.మీ. వెన్ను ఇవ్వాలంటే రెండు క్రీజులు పక్కపక్కన వేయాలి. జేబు మడతకు కూడా అంతే జత వేయాలి. లేకపోతే వెన్ను మందంగా, జేబు బిగువుగా ఉండి, కాగితాలు పెట్టగానే ఫోల్డరు కింది భాగం నోరు తెరుస్తుంది. పర్ఫెక్ట్ బైండింగ్ (పుటల వెన్నుకు జిగురుతో కవరు అతికించే పద్ధతి) కవరుకు వెన్ను క్రీజులతో పాటు అటూ ఇటూ 6, 7 మి.మీ. దూరంలో మరో క్రీజు వేస్తారు. కవరు అక్కడ వంగుతుంది కాబట్టి తెరిచినప్పుడల్లా వెన్ను జిగురు మీద లాగుడు పడదు.

ఏది ముందు, ఏది తర్వాత

అచ్చు, ఆరబెట్టడం, లామినేషన్, స్పాట్ యూవీ (కావలసిన చోట మాత్రమే వేసే మెరుపు వార్నిషు), ఫాయిల్, ఎంబాసింగ్ (నొక్కి ఎత్తుగా తేల్చడం), డై కటింగ్, చివరికి మడిచి అతికించడం: ఎక్కువ పనులకు సరిపోయే వరస ఇది. దీని వెనక సూత్రం తేలిక. నొక్కి చదును చేసే పనులు ముందు, ఎత్తుపల్లాలు తెచ్చే పనులు తర్వాత. ఎంబాస్ చేసిన షీటును లామినేషన్ రోలర్ల మధ్య పంపితే ఎత్తు అణిగిపోతుంది. అణగకుండా మిగిలిన చోట అంచుల చుట్టూ గాలి బుడగలు నిలుస్తాయి.

ఆరబెట్టడం దగ్గర తొందర చేటు. గాలికి ఆరే ఆఫ్‌సెట్ సిరాకు ముదురు రంగులున్న చోట కనీసం ఒక రోజు కావాలి. పైకి ఆరినట్టు కనిపించినా, కటింగ్ మెషిన్ బిగింపు కింద పచ్చి సిరా పై షీటు వెనక్కి అంటుకుంటుంది. లామినేషన్‌లో అయితే సిరాలోని ద్రావకం ఫిల్ము కింద చిక్కి, వారం పది రోజులకు పొర లేస్తుంది. సరుకు అప్పటికి చేరాల్సిన చోటికి చేరిపోయి ఉంటుంది కాబట్టి ఈ లోపం అన్నిటికంటే ఖరీదైనది. షీట్లు అంటుకోకుండా ప్రెస్‌లో చల్లే పొడి ఎక్కువైతే ఫిల్ము కింద వెండి రంగు చుక్కల్లా కనిపిస్తుంది, నల్లటి నిండు రంగు మీద మరీ స్పష్టంగా. డిజిటల్ ప్రింట్లలో కొన్నింటి మీద ఫ్యూజర్ (టోనర్‌ను వేడితో అతికించే రోలరు) నూనె పొర మిగులుతుంది. వాటికి ఎక్కువ పట్టున్న జిగురు ఫిల్ము అడగాలి.

ఒక్కవైపే లామినేషన్ చేసిన షీటు చుట్టుకోవడం అందరికీ ఎదురయ్యేదే. కాగితం గాలిలోని తేమను పీల్చి పెరుగుతుంది, ఫిల్ము పెరగదు. అందుకే తేమ ఉన్న రోజు షీటు ఫిల్ము వైపుకు వంగుతుంది, పొడి గాలిలో ఎదురుగా తిరుగుతుంది. పుస్తకం కవర్లకు తేమను పోనిచ్చే నైలాన్ ఫిల్ము వాడటం, ఫిల్మును ఎక్కువ బిగువుగా లాగకపోవడం, గదిలో తేమను 45 నుంచి 55 శాతం మధ్య ఉంచడం, ఈ మూడూ పనిచేస్తాయి. లామినేషన్ అయిన కట్టను ఒక రాత్రి అలాగే ఉంచి తర్వాత క్రీజుకు పంపడం మేలు.

వార్నిషుల్లో యూవీ పూత గట్టిది, మెరుస్తుంది, కానీ వంగదు. మడత మీదుగా యూవీ వెళ్తే పగులుతుంది, జిగురు పట్టీ మీద ఉంటే అతుకు ఊడుతుంది. కాబట్టి యూవీ ప్లేటులోనే మడత దగ్గర సన్నని ఖాళీ, జిగురు చోట పూర్తి ఖాళీ వదలాలి. కొత్తగా డిజైన్ చేసేవాళ్లు ఇది మర్చిపోతారు. స్క్రీన్ మీద యూవీ పొర కనిపించకపోవడమే కారణం.

ఫాయిల్, ఎంబాసింగ్

ఫాయిల్ చుట్టలో పైన కనిపించే పాలిస్టర్ మోసుకొచ్చే పొర మాత్రమే, సాధారణంగా 12 మైక్రాన్లు. దాని కింద వేడికి విడిపోయే పొర, రంగు లక్క, పలచటి అల్యూమినియం పూత, అన్నిటికంటే అడుగున వేడికి కరిగే జిగురు. 100 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ వేడిలో డై నొక్కినప్పుడు జిగురు కాగితాన్ని పట్టుకుంటుంది, పాలిస్టర్ విడిపోతుంది. వేడి, ఒత్తిడి, నొక్కి ఉంచే సమయం అనే మూడిటి మధ్య తూకమే ఈ పనంతా. వేడి తక్కువైతే అంచులు విరిగి చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఎక్కువైతే మెరుపు చచ్చి మసకబారుతుంది, చిన్న అక్షరాల సున్నాలు పూడుకుపోతాయి. గీతలు 0.3 మి.మీ. కంటే సన్నగా, గీతల మధ్య ఖాళీ 0.5 కంటే తక్కువగా ఉంటే ఎంత నేర్పున్నా నిలకడగా రావు.

డై లోహం పనిని బట్టి ఉంటుంది. మెగ్నీషియం చవక, త్వరగా వస్తుంది, తక్కువ సంఖ్యకు చాలు. రాగి సన్నని వివరాలకు బాగుంటుంది. ఇత్తడి పెద్ద సంఖ్యకూ, అంచెలంచెలుగా లోతు మారే ఎంబాసింగ్‌కూ. వేడికి లోహం సాగడం కూడా లెక్కలోకి రావాలి. ఇత్తడి ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 0.019 మి.మీ. సాగుతుంది. గది వేడి కంటే 100 డిగ్రీలు పెరిగితే 300 మి.మీ. డై అర మి.మీ. పైగా పెరిగినట్టు. ఎడమ చివర అక్షరాలకు ఫాయిల్ సరిగ్గా కూర్చుని కుడి చివర పక్కకు జరిగిందంటే, ఆపరేటరు రిజిస్టర్ (అచ్చుతో సరిగ్గా కలిపే అమరిక) ఎంత తిప్పినా కుదరకపోవడానికి కారణం ఇదే. డై చేసేవాళ్లకు లోహం, వేడి, సైజు ముందే చెబితే ఆ మేరకు చిన్నది చేసి ఇస్తారు.

లామినేషన్ మీద ఫాయిల్ వేయాలంటే ఫిల్ము ఉపరితల శక్తి (పైన వేసినదాన్ని పట్టుకునే గుణం) కనీసం 38 డైన్లు ఉండాలి. పరీక్ష పెన్నుతో గీత గీస్తే తెలుస్తుంది: గీత నిలిస్తే సరే, ముత్యాల్లా విడిపోతే ఫాయిల్ పట్టదు. మఖమల్‌లా తగిలే సాఫ్ట్ టచ్ ఫిల్ముల్లో దీనికి అనువైనవీ కానివీ ఉన్నాయి. చుట్ట మారినప్పుడల్లా చూసుకోవాలి. మైనం కలిసిన సిరా, వార్నిషుల మీద కూడా ఫాయిల్ నిలవదు. ఫాయిల్ వేసిన లెటర్‌హెడ్‌ను లేజర్ ప్రింటరులో వాడతారంటే ఆ మాట ముందే చెప్పాలి. ఫ్యూజర్ వేడి 180 డిగ్రీల దాకా వెళ్తుంది, మామూలు ఫాయిల్ లేచి రోలరుకు అంటుకుంటుంది.

ఎంబాసింగ్‌కు పైన డై, కింద దానికి సరిగ్గా దిగే కౌంటరు ఉంటాయి. పోగులు పొడవుగా, మెత్తగా ఉన్న పూతలేని కాగితం ఎత్తును చక్కగా పట్టుకుంటుంది. బిరుసైన ఆర్ట్ కార్డు అంచుల దగ్గర చిట్లుతుంది. అక్కడ డై అంచుల్ని నిట్టనిలువుగా కాక వాలుగా చేయించాలి. వెనక వైపు అచ్చు ఉంటే ఎంబాస్ గుంట దాని మీద కనిపిస్తుందన్నది పేజీలు పరిచేటప్పుడే చూసుకోవాలి.

డై కటింగ్

కటింగ్ డై అంటే 18 మి.మీ. ప్లైవుడ్‌లో లేజరుతో గాట్లు పెట్టి, ఉక్కు కత్తుల్ని వంచి బిగించిన పలక. కత్తులకు అటూ ఇటూ రబ్బరు ముక్కలు అంటిస్తారు. అవి కత్తి అంచు కంటే కొంచెం ఎత్తుగా ఉండి, కోత అయిన వెంటనే షీటును తోసి విడిపిస్తాయి. రబ్బరు కత్తికి మరీ ఆనుకుని ఉంటే నొక్కినప్పుడు పక్కకు ఉబ్బి, కోత పూర్తికాకముందే కాగితాన్ని లాగుతుంది. రెండు కత్తుల మధ్య 3 మి.మీ. కంటే తక్కువ చోటుంటే మధ్యలో చెక్క నిలవదు, రబ్బరుకు చోటుండదు. సన్నని పట్టీల్లాంటి ఆకారాలు గీసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కోసిన పీసులు మెషిన్‌లోనే రాలిపోకుండా షీటును పట్టుకుని ఉండేవి నిక్కులు: కత్తి అంచులో 0.3 నుంచి 0.5 మి.మీ. వెడల్పున వదిలే చిన్న తెగని చోట్లు. ఎక్కువైతే పీసు అంచున ముల్లులా కనిపిస్తాయి. తక్కువైతే షీటు దారిలోనే విడిపోయి మెషిన్ జామ్ అవుతుంది. వాటిని కంటికి కనిపించని అంచుల్లో, అంటే అతికించాక లోపలికి పోయే పట్టీ మీదో, జేబు కింద దాగే వైపో పెట్టించుకోవాలి. డై చేసేవాళ్లకు ఏ అంచు కనిపిస్తుందో తెలియదు. చెప్పకపోతే వాళ్లకు వీలైన చోట పెడతారు.

మేక్ రెడీ, అంటే అసలు పని మొదలయ్యే ముందు ఒత్తిడిని సరిచేసుకోవడం, ఓపికతో చేయాలి. మొదటి షీటులో కొన్ని చోట్ల కోత పడదు. అప్పుడు ఒత్తిడి పెంచేస్తే పడని చోట పడుతుంది, కానీ ముందే బాగా పడిన చోట కత్తి అంచు ప్లేటుకు కొట్టుకుని మొద్దుబారుతుంది. మొద్దు కత్తి కోయదు, చింపుతుంది. అంచున నూగు, పెట్టెల్లో కాగితపు దుమ్ము. సరైన పద్ధతిలో, పడని చోట కింద 0.03 లేదా 0.05 మి.మీ. పలచటి టేపు ముక్కలు అంటిస్తూ, ఒత్తిడిని మెల్లగా సమం చేస్తారు. పెద్ద డైకి దీనికే ఒక పూట పడుతుంది. టేపు ముక్కలు అంటించిన ఆ షీటును పారేయకుండా డైతో పాటు దాచితే, అదే పని మళ్లీ వచ్చినప్పుడు సమయం చాలా మిగులుతుంది.

రిజిస్టరు విషయంలో ఒకే నియమం. ప్రెస్‌లో షీటును ఏ గ్రిప్పర్ అంచు (మెషిన్ కొక్కేలు పట్టి లాగే ముందు అంచు), ఏ సైడ్ లే (పక్క ఆనిక) పట్టుకుందో, ఫాయిల్‌లోనూ డై కటింగ్‌లోనూ అవే అంచులు పట్టుకోవాలి. షీట్లన్నీ ఒకే సైజులో కోసి ఉండవు, అర మి.మీ. అటూ ఇటూ ఉంటాయి. ఒకే అంచు నుంచి కొలిస్తే ఆ తేడా ఎదుటి అంచున ఖాళీలోకి పోతుంది. అంచు మారితే తేడా అంతా అచ్చుకూ కోతకూ మధ్యకు వచ్చి పడుతుంది. ప్రెస్ నుంచి వచ్చిన ప్రతి కట్ట మీద గ్రిప్పర్, సైడ్ లే గుర్తులు పెన్నుతో వేసి పంపడం చిన్న పని. అచ్చయ్యాక షీటును నాలుగు వైపులా ‘శుభ్రంగా’ కోసి పంపడం మాత్రం పెద్ద తప్పు, ఎందుకంటే ఆ కోతతో అసలు అంచులు పోతాయి.

అతుకు దగ్గర

బయటివైపు మాత్రమే లామినేషన్ ఉన్న ఫోల్డరును చేతిలోకి తీసుకుని చూస్తే ఒక విషయం తెలుస్తుంది. జేబును పైకి మడిచి దాని పట్టీని వెనక్కి తిప్పినప్పుడు, పట్టీ ఫిల్మున్న ముఖం ఫోల్డరు లోపలి పచ్చి కాగితానికి ఆనుతుంది. నీళ్ల జిగురు కాగితంలోకి ఇంకుతుంది, ఫిల్ములోకి ఇంకదు. ఆరాక ఫోల్డరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, జేబులో కాగితాలు పెట్టి రెండుసార్లు లాగితే పట్టీ నున్నగా ఊడి వస్తుంది. వార్నిషునైతే ఆ చోట వదిలేయొచ్చు. ఫిల్ము షీటంతా పరుచుకుంటుంది కాబట్టి వదలడం కుదరదు.

మంచి ఉపాయం డైలోనే ఉంది. జిగురు పట్టీ మీద చిన్న పళ్ల కత్తులు వరసలుగా పెట్టిస్తే, కోతతో పాటే ఫిల్ముకు గాట్లు పడతాయి, జిగురు వాటిగుండా కాగితాన్ని అందుకుంటుంది. లేదంటే ఫిల్ముకు పట్టే ప్రత్యేక జిగురో, వేడి జిగురో వాడాలి. ఇక పట్టీ వెడల్పు 15 నుంచి 20 మి.మీ. ఉండాలి, మూలలు ఏటవాలుగా కోసి ఉండాలి. జేబు వెడల్పు వెనక పలక కంటే 2 మి.మీ. తక్కువ ఉంచితే అంచు బయటికి పొడుచుకు రాదు. అతుకు పరీక్షకు ఒక రోజు ఆగి పట్టీని లాగి చూడాలి. కాగితపు పోగులు చిరిగి వస్తే అతుకు మంచిది, జిగురు శుభ్రంగా లేచి వస్తే చెడ్డది.

పుస్తక రూపంలో ఉన్న ప్రత్యేక పనుల గురించి కొంచెం. మధ్య మడతలో పిన్ను కొట్టే సెంటర్ పిన్ పుస్తకంలో పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. లోపలి షీట్లు బయటికి తోసుకొస్తాయి: 64 పేజీలంటే 16 షీట్లు, కాగితం 0.1 మి.మీ. అయితే నడిమి షీటు సుమారు ఒకటిన్నర మి.మీ. బయటికి వస్తుంది, ట్రిమ్‌లో (అంటే చివరి అంచు కోతలో) ఆ మేరకు పోతుంది. అంచున పేజీ నంబర్లున్న డిజైన్‌లో ఈ తోపును ముందే సర్దుకోవాలి. పర్ఫెక్ట్ బైండింగ్‌లో వెన్ను దగ్గర 2, 3 మి.మీ. గరుకుగా చెక్కి జిగురు వేస్తారు. ఈవీఏ అనే వేడి జిగురును సుమారు 160 నుంచి 180 డిగ్రీల్లో వాడతారు, చల్లారగానే పట్టుకుంటుంది. కానీ ఆర్ట్ పేపరు మీద పట్టు తక్కువ, చలికి పెళుసవుతుంది. పీయూఆర్ అనే పాలీయురేతేన్ జిగురు 120 డిగ్రీల దగ్గరే పనిచేస్తుంది, పొర పలచన, పుస్తకం బాగా తెరుచుకుంటుంది. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది, పూర్తి బలానికి ఒక రోజు దాకా కావాలి. లామినేట్ చేసిన పుటలు, మందమైన ఆర్ట్ పేపరు, ఫొటో పుస్తకాలకు పీయూఆర్ ఖర్చు పెట్టాల్సిందే.

ఎన్ని షీట్లు ఎక్కువ వేయాలి

ప్రతి మెషిన్ సెట్టింగుకు కొన్ని షీట్లు, నడకలో కొంత శాతం తింటుంది. అందుకే లెక్క చివర నుంచి మొదలుపెట్టాలి. షీటుకు ఒక పీసు చొప్పున 5,000 ఫోల్డర్లు కావాలనుకుందాం. అతికింపులో సెట్టింగుకు 50, నడకలో 1 శాతం అనుకుంటే 5,100 కావాలి. డై కటింగుకూ అంతే అయితే 5,200. ఫాయిల్, ఎంబాసింగ్ ఒకే దెబ్బలో చేస్తే సెట్టింగుకు 75, నడకలో 2 శాతం: 5,380. లామినేషన్‌కు 30, 1 శాతం: సుమారు 5,465. అంటే ప్రెస్ ఇవ్వాల్సిన మంచి షీట్లు కావలసిన సంఖ్య కంటే 9 శాతం ఎక్కువ. శాతాలు యూనిట్‌ను బట్టి మారతాయి, పద్ధతి మారదు. ఇదే పని 500 ఫోల్డర్లకైతే సెట్టింగు షీట్లే నలభై శాతానికి పైగా అవుతాయి. చిన్న సంఖ్యలో పీసు ఖరీదు ఎందుకంత ఎక్కువ అని అడిగేవాళ్లకు సమాధానం ఇందులోనే ఉంది.

‘ఎక్కువ వేస్తే కాగితం దండగ’ అని ప్రెస్ దగ్గర కోత పెడితే, చివర వంద పీసులు తక్కువ పడతాయి. ఆ వంద కోసం ప్రెస్ ప్లేట్ల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. రెండోసారి రంగు మొదటిదానితో అచ్చంగా కలవడం కూడా కష్టం.

పని ఇచ్చేటప్పుడు, పంపేటప్పుడు

డై గీత, ఫాయిల్, ఎంబాస్, యూవీ ఒక్కోటి ఫైల్లో వేరే స్పాట్ రంగుగా (సొంత పేరున్న విడి రంగు), కింది రంగును చెరపని ఓవర్‌ప్రింట్ పెట్టి, వేరే లేయరులో ఉండాలి. ఓవర్‌ప్రింట్ పెట్టకపోతే డై గీత కింద అచ్చులో తెల్ల గీత మిగులుతుంది. ఫాయిల్ పొరలో నీడలు, రంగు జారుళ్లు ఉండవు. ఉంటే నిండు, లేకుంటే ఖాళీ. బ్లీడ్ (కోత గీత దాటి బయటికి సాగే రంగు) 3 మి.మీ., రాత కోత గీతకు కనీసం 3 నుంచి 5 మి.మీ. లోపలికి. జిగురు పట్టీ మీదికి అచ్చు రంగు 2 మి.మీ. మాత్రమే పోనివ్వాలి. ఫైలుతో పాటు తెల్ల డమ్మీ, మూసిన కొలత, తెరిచిన కొలత, గ్రైన్ దిశ, లోపల పెట్టే కాగితాల మందం రాసి పంపితే బైండింగ్ యూనిట్ సగం ప్రశ్నలు అడగాల్సిన పని ఉండదు. ఆ వస్తువు కవర్లో పెట్టి మెషిన్ మీద నింపుతారా, పోస్టులో వెళ్తుందా, ప్రింటరులో మళ్లీ అచ్చు వేస్తారా అన్నదీ రాయాలి.

ప్యాకింగ్‌లో చెడే పనులు కూడా తక్కువేం కాదు. సాఫ్ట్ టచ్ ఫిల్ము రాపిడికి మెరుపు గీతలు పడుతుంది కాబట్టి పీసుల మధ్య పలచటి కాగితం వేయాలి. అతికించిన ఫోల్డర్లు జేబు వైపు మందంగా ఉంటాయి. అన్నిటినీ ఒకే వైపు పేర్చితే కట్ట వాలిపోయి అడుగున ఉన్నవి వంగుతాయి. పాతికకు ఒకసారి వైపు మార్చి పేర్చాలి. ఎంబాస్ చేసిన పీసుల్ని గట్టిగా చుట్టి కట్టకూడదు. పీయూఆర్ పుస్తకాల్ని ఒక రోజు గడవకముందే పుట లాగి పరీక్షించకూడదు. పెట్టె బరువు 15 కిలోలు దాటనివ్వకుండా, ప్రతి పెట్టె మీద సంఖ్య రాసి, మేక్ రెడీ షీటు, ఒప్పుకున్న నమూనా, డై నంబరు మూడూ ఒకే కవర్లో దాచిపెడితే, ఆ పని తర్వాతి ఆర్డరుకు మళ్లీ మొదటి నుంచి కొలవకుండా మొదలవుతుంది.